ఆటగాయములు: వాని నివారణము, చికిత్స

శరీరమునకు వ్యాయామ మవసరమని యెల్లరు నెరిగినదే. పాఠశాలలో ఆటస్థలమును తరగతిగదివలెనే యొక శిక్షణాలయము. కాని పరుగెత్తువారు పడుటయు, ఆడువారికి దెబ్బ తగులుటయు లోకసహజము. దెబ్బ తగులునేమో యని పిల్లలను ఆటకే పంపకుండుట యొక పొరపాటు. తగిలిన దెబ్బను లెక్కసేయక మరునాడే మరల ఆడించుట రెండవ పొరపాటు. ఈ రెంటికిని నడుమ నున్న మార్గమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఆటలు నేర్పు ఉపాధ్యాయులకును విశదపరచుటయే యీ వ్యాసమునందు మా యుద్దేశము.

మే మిచట చెప్పబోవునది పేరుపొందిన క్రీడాకారులను గూర్చి కాదు. వారి వెంట వైద్యుడును, వ్యాయామ చికిత్సకుడును ఎల్లప్పుడు నుందురు. సాయంకాలము బడి విడిచిన పిమ్మట చెడుగుడు, కోకో, వాలీబాల్, ఫుట్‌బాల్, క్రికెట్టు ఆడు బాలబాలికలును, ఆదివారమునాడు మాత్రము బ్యాడ్మింటన్ బ్యాటు చేతబట్టు ఉద్యోగులును, వార్షికోత్సవమునాడు పూర్వవిద్యార్థుల పక్షమున త్రాడు లాగు పెద్దలును మాకు శ్రోతలు. వీరికి దెబ్బ తగిలినపుడు ప్రక్క నుండువారు స్నేహితులే. తొలి చికిత్స చేయువారును వారే. కావున తెలిసికొనవలసినవారును వారే.

వ్యాసమంతటికిని ముఖ్యమైన మాట యొకటి కలదు. దానిని ముందే చెప్పుచున్నాము. ఆటగానికి ఎక్కువ కీడు చేయునది సాధారణముగా మొదటి గాయము కాదు; అది మానకముందే ఆడుటవలన కలుగు రెండవ గాయము. మొదటిదానిని కొంతవరకే తప్పించుకొనగలము. రెండవదానిని చాలవరకు తప్పించుకొనుట మన చేతిలోనిది.

1. గాయములు కలుగు విధము

ఆటగాయములు రెండు తెగలు. మొదటి తెగవి ఒక్క క్షణములో కలుగునవి. పరుగులో పాదము మడతపడి చీలమండ బెణుకుట, పట్టు విడిపించుకొనుచుండగా మోకాలు మెలిపడుట, చేయి ఆనించి పడుటచే మణికట్టు విరుగుట, బంతి తలకు తగులుట మొదలగునవి యీ తెగలో చేరును. ఇవి యెప్పుడు, ఎట్లు కలిగినవో చూచినవారెల్ల చెప్పగలరు.

రెండవ తెగవి దినదినము కొంచెము కొంచెముగా పెరుగునవి. శ్రమపడిన కండరమును ఎముకయు ఆనాటికి స్వల్పముగా అలసి, విశ్రాంతికాలమున మరమ్మతు పొంది, మునుపటికన్న బలపడును. వ్యాయామమువలన బలము కలుగుటలోని రహస్య మిదియే. కాని మరమ్మతునకు వ్యవధి యియ్యక ప్రతిదినమును అదే భాగమును శ్రమపెట్టినయెడల, అలసట మిగిలి పేరుకొని నొప్పిగా మారును. కడకు ఎముకలో వెండ్రుకవంటి సన్నని పగులుగూడ ఏర్పడవచ్చును. ఇట్టి గాయము కలిగిన దినమేదో ఎవరును చెప్పలేరు. ఆట ముగిసిన పిమ్మట మాత్రమే తోచిన నొప్పి, కొన్ని వారములకు ఆట నడుమ తోచును; మరికొన్ని వారములకు మెట్లెక్కునపుడును తోచును. ఈ క్రమమును కనిపెట్టుటయే దానిని గుర్తించు ఉపాయము.

ఎదుగుచున్న పిల్లల విషయమున మరియొక విశేషము కలదు. వారి పొడవైన ఎముకల కొనలయందు ఎదుగుదలకు మూలమైన మృదువైన భాగము ఉండును. అది ఎముకను ఎముకతో కట్టి యుంచు బంధనములకన్న బలహీనము. పెద్దవానికి బెణుకు మాత్రమే కలిగించు మెలి, పిల్లవానికి ఆ యెదుగు భాగమునే గాయపరచవచ్చును. అందుచేత పిల్లల కీళ్ల దగ్గరి దెబ్బను బెణుకే గదా యని తోసివేయరాదు. ఎక్కువగా పరుగులు, దుముకులు సాధనచేయు పిల్లలకు మోకాటిచిప్ప దిగువ నున్న ఎముకపై బుడిపెవలె లేచి నొప్పి పుట్టుటయు కలదు. దీనిని 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండులో ష్లాటర్ అను వైద్యులు వేరువేరుగా వర్ణించిరి. ఇది సాధారణముగా ఎదుగుదల ముగియుటతో శాంతించును; భయపడవలసినది కాదు. కాని నొప్పి హెచ్చినపుడు ఆటను తగ్గింపవలెను.

పెద్దలకును తమ వయస్సునకు తగిన అపాయము వేరుగా నున్నది. ముప్పదియేండ్లు దాటి, వారమంతయు కుర్చీలో కూర్చుండి, ఒక్కనాడు హఠాత్తుగా పరుగెత్తు పురుషులకు మడమ వెనుకనున్న లావుపాటి నరము తెగుట తరచుగా వినబడును. తెగినపుడు వెనుకనుండి ఎవరో తన్నినట్లు తోచును. కొందరు వెనుదిరిగి చూతురు గూడ. ఆపైన వ్రేళ్లమీద లేచి నిలువజాలరు. దీనిని పిక్క పట్టుట యని యెంచి తైలము రాయుచు కూర్చున్నచో విలువైన కాలము గడచిపోవును. నాడే వైద్యునికి చూపవలెను.

2. ముందు జాగ్రత్తలు

ఆటకు ముందు శరీరమును వేడెక్కించుట. వచ్చినవెంటనే పూర్తి వేగముతో ఆడరాదు. పూర్వము వరుసగా నిలిచి కాళ్లు సాచి, వంగి, అట్లే కొంతసేపు నిలుచుటయే తగిన సన్నాహమని తలచెడివారు. 2000వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశీలనలో, ఆస్ట్రేలియా సైన్యమున క్రొత్తగా చేరిన 1,538 మందిలో అట్టి సాగదీతవలన కాలిగాయములు తగ్గినట్లు కనబడలేదు. కావున నిలిచి సాగదీయుట హానికరము కాకున్నను, అదియొక్కటే చాలదు. మెల్లని పరుగు, ప్రక్కకు అడుగులు, మోకాళ్లెత్తి నడచుట, గుంజిళ్లు, ఒంటికాలిపై నిలుచుట, దుమికి మోకాళ్లు వంచి మెత్తగా దిగుట, కడపట వేగపు పరుగు, ఇట్టి కదలికలతో కూడిన సన్నాహము మేలు.

ఫుట్‌బాల్ ఆటకై ఇట్టి సన్నాహ మొకటి ‘పదునొకండు ప్లస్’ అను పేరుతో ఏర్పడినది. అందు పదునైదు అభ్యాసములు కలవు. నేర్చినవారికి ఇరువది నిమిషములలో ముగియును. నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగల సుమారు 1,900 మంది బాలికలపై దీనిని పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. ఆ సన్నాహము చేసిన జట్లలో తీవ్రమైన గాయములు తక్కిన జట్లలోకన్న సుమారు సగమునకు తగ్గియుండెను. దీనికి యంత్రములు గాని ధనము గాని అక్కరలేదు. ఉపాధ్యాయుని పట్టుదలయు, పిల్లల ఓపికయు చాలును. వారమునకు రెండుమారులైనను విడువక చేయుట ముఖ్యము.

శ్రమను క్రమముగా హెచ్చించుట. వేసవి సెలవులు గడచి వచ్చినపుడును, జ్వరపడి లేచినపుడును, పోటీలు సమీపించినపుడును గాయములు హెచ్చుట సహజము. మూడు నెలలు కదలని దేహము మూడు దినములలో సిద్ధము కాదు. పోటీలకు ముందు వారములో మూడు వారముల సాధనను కుక్కుట తెలివి కాదు. వారమునకు ఒక దినమైనను ఆటకు పూర్తిగా సెలవియ్యవలెను. ఈ వయస్సువారికి రాత్రి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. పరీక్షలకై నిద్ర మాని, ఉదయము ఆటకు వచ్చు పిల్లవాడు పాఠమునందును ఆటయందును వెనుకబడును.

ఆటస్థలము, దుస్తులు. ఆటకు ముందు నలుగురు పిల్లలు వరుసగా నడచి రాళ్లు, ముండ్లు, గాజుపెంకులు ఏరివేయుట పది నిమిషముల పని. గుంటలను పూడ్చవలెను. చెడుగుడు ఆడుచోట నేలను త్రవ్వి, జల్లించిన మెత్తని మన్ను పరచవలెను. గోలుస్తంభములు కదలక నాటియున్నవో లేవో చూడవలెను. ఆడువారు గోళ్లు తీసికొని, ఉంగరములు, గాజులు, గొలుసులు, మొలత్రాటి తాయెత్తులు తీసిపెట్టవలెను. ఉంగరము తగులుకొనుటచే వ్రేలే ఊడివచ్చుట కలదు. గట్టిబంతితో క్రికెట్టు ఆడువాడు శిరస్త్రాణము లేక బ్యాటు పట్టరాదు. త్రాడు లాగువారు త్రాటిని చేతికిగాని నడుమునకుగాని ఎన్నడును చుట్టుకొనరాదు. త్రాడు బిగిసినపుడు వ్రేళ్లు తెగిపోవును.

ఎండ, నీరు. మన జిల్లాలలో చైత్ర వైశాఖ మాసముల ఎండ చెప్పనలవికానిది. ఆ దినములలో తెల్లవారుజామున గాని, ప్రొద్దు వాలిన పిమ్మట గాని ఆడవలెను. ఆటకు ముందును, నడుమ నడుమను నీరు త్రాగవలెను. నీరు త్రాగువాడు బలహీనుడని తలచుట వట్టి మూఢత్వము. ఉప్పు వేసిన మజ్జిగ మన పెద్దలు ఎరిగిన మంచి పానీయము.

3. చీలమండ బెణికినపుడు

ఆటస్థలమున కనబడు గాయములలో చీలమండ బెణుకు మిక్కిలి తరచైనది. కావున దీనినే విపులముగా చెప్పుచున్నాము. తక్కిన బెణుకులకును ఇదే తోవ.

పాదము లోపలివైపునకు మడతపడినపుడు చీలమండకు వెలుపలివైపున నున్న బంధనములు సాగును, లేక చినుగును. నొప్పి, వాపు, ఒకటి రెండు దినములలో కమిలిన మచ్చ కనబడును. అప్పుడు చేయవలసినవి యివి:

మొదటిది, వెంటనే ఆట ఆపవలెను. రెండు నిమిషములు కుంటి చూచి మరల దిగుట తగదు.

రెండవది, పాదమును గుండెకన్న ఎత్తుగా దిండ్లపై నుంచవలెను. సాగెడు గుడ్డకట్టును వ్రేళ్ల మొదటినుండి పైకి చుట్టవలెను. వ్రేళ్లు నీలమైనను, చల్లబడినను, తిమ్మిరెక్కినను కట్టు బిగువైనదని గ్రహించి వెంటనే వదులు చేయవలెను.

మూడవది, మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది మొదలు ఇరువది నిమిషములవరకు పెట్టవచ్చును. చర్మమునకు నేరుగా తగులనీయరాదు. ఇందును గూర్చి అభిప్రాయములు మారినవి. విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అను నాలుగు మాటల సూత్రమును అమెరికా వైద్యుడైన గేబ్ మిర్కిన్ 1978లో తన గ్రంథమున ప్రచారము చేసెను. 2010 తరువాతి దశకములో ఆయనయే మంచువలన మానుట ఆలస్యము కావచ్చునని తన మాటను సవరించెను. కావున మంచు నొప్పిని తగ్గించు సాధనమే గాని, గాయమును మాన్పు మందు కాదని తెలియవలెను.

నాలుగవది, విశ్రాంతికిని హద్దు కలదు. 2019లో కెనడా దేశస్థులైన ఇద్దరు వ్యాయామ చికిత్సకులు ప్రకటించిన పద్ధతి ప్రకారము, గాయపడిన భాగమును ఒకటి మొదలు మూడు దినములవరకే కదల్పక కాపాడి, పిమ్మట నొప్పి యనుమతించినంత మేరకు కదల్పవలెను. మంచముపై పడుకొని బొటనవ్రేలితో గాలిలో ఓనమాలు వ్రాయుట చక్కని అభ్యాసము. చీలమండ అన్ని దిక్కులకు తిరుగును. తరువాత నేలపై మెల్లగా బరువు మోపుటయు, నడచుటయు. వారములకొలది కట్టుతో పడియున్న కాలు బలము కోల్పోవును, కీలు బిగిసికొనును.

4. వైద్యుని యొద్దకు ఎప్పుడు పోవలెను

ఎముక విరిగినదేమో యను సందేహము ప్రతి బెణుకునందును కలుగును. కెనడాలోని ఆటవా నగరమున ఇయాన్ స్టీల్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1992లో ఇందుకు కొన్ని నియమములు ఏర్పరచిరి. దెబ్బ తగిలినపుడును, తరువాత పరీక్షించునపుడును నాలుగు అడుగులు వేయలేకపోయినను. చీలమండకు ఇరువైపుల నున్న ఎముకబుడిపెల కొననుగాని వెనుక అంచునుగాని నొక్కినపుడు నొప్పి కలిగినను. పాదము వెలుపలి అంచున చిటికెనవ్రేలి ఎముక మొదటను గాని, లోపలి వంపున నున్న ఎముకపైగాని నొక్కినపుడు నొప్పి కలిగినను, ఎక్సురే తీయింపవలెను. ఇవి వైద్యులకై యేర్పడిన నియమములైనను, ఎప్పుడు ఆలస్యము చేయరాదో మనకును సూచించును.

ఇవిగాక అవయవము వంకర తిరిగియున్నను, ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినను, దెబ్బకు దిగువ భాగము చల్లబడినను, మోకాలు మెలిపడి ‘టప్పు’మను శబ్దముతో కొన్ని గంటలలోనే ఉబ్బినను, వెంటనే ఆస్పత్రికి కొనిపోవలెను. తీసికొనిపోవునపుడు విరిగినదని తోచిన చేతిని గాని కాలిని గాని ఉన్న తీరుననే బద్దలతోనో, మడచిన వార్తాపత్రికలతోనో కదలకుండ కట్టవలెను.

చేయరాని పనులును కొన్ని కలవు. బెణికిన మొదటి రెండు మూడు దినములు నూనె పెట్టి గట్టిగా మర్దించుట మన యిండ్లలో వాడుక. లోపల చినిగిన భాగమునుండి రక్తము ఇంకను ఊరుచుండగా తోముటచే వాపు హెచ్చును. పసుపును సున్నమును కలిపి పట్టువేయుటయు కలదు. సున్నము చర్మమును పొక్కించును. తొలగిన కీలును తెలియనివారు లాగి సరిచేయబూనినచో నరములకును రక్తనాళములకును హాని కలుగును. వెదురుబద్దలతో మిక్కిలి బిగువుగా కట్టిన కట్టు నెత్తురు ప్రసరింపనీయక అవయవమునే పోగొట్టవచ్చును. కట్టు కట్టిన పిమ్మట నొప్పి తగ్గుటకు మారుగా హెచ్చుచున్నయెడల, కట్టినవారెవరైనను సరే, ఆ రాత్రియే విప్పించి వైద్యునికి చూపవలెను. నొప్పి మాత్రలు మ్రింగి పోటీలో దిగుట మరియొక దురభ్యాసము. నొప్పి కావలివాడు, వానికి మత్తు పెట్టి ఇల్లు భద్రమనుకొనుట వంటిదే యిది.

5. తలకు దెబ్బ తగిలినపుడు

కాలి బెణుకు ఆటను చెరచును. తలదెబ్బ ప్రాణమునే చెరపవచ్చును. తల అదిరినపుడు మెదడు పుర్రెలో కదలి దాని పని తాత్కాలికముగా తారుమారగును. ఇందుకు స్పృహ తప్పనక్కర లేదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి, చూపు మసకబారుట, తూలి నడచుట, అడిగినదే అడుగుట, ఆట స్కోరు మరచుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆ దినము ఆ పిల్లవానిని మరల ఆడనీయరాదు. సందేహమున్నను ఆడనీయరాదు. మొదటి అదురు తగ్గకముందే రెండవది తగులుట అత్యంతాపాయకరము.

పెద్ద క్రికెట్టులోనే తలదెబ్బ తిన్నవానికి బదులుగా ఆడు మనిషిని దింపు నియమము 2019 వరకు అంతర్జాతీయముగా అమలులోనికి రాలేదు. ఆ యేట లార్డ్స్ మైదానమున స్టీవ్ స్మిత్ అను ఆస్ట్రేలియా ఆటగానికి దెబ్బ తగులగా, అతనికి మారుగా లాబుషేన్ ఆడెను. ప్రపంచ ప్రసిద్ధుడైనవానినే కూర్చుండబెట్టగలిగినపుడు, పాఠశాల జట్టులోనివానిని కూర్చుండబెట్టుటకు మనము సంకోచింపనేల?

తలదెబ్బ తిన్నవానిని ఒంటరిగా విడువరాదు. తలనొప్పి హెచ్చుచున్నను, పలుమారులు వాంతియైనను, మూర్ఛ వచ్చినను, లేపినను లేవని మగత కలిగినను, కాలుసేతులు బలహీనమైనను వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. మెడనొప్పి యున్నయెడల పడినవానిని లేవనెత్తక, తల కదలకుండ పట్టుకొని 108 వాహనమును పిలువవలెను. సామాన్యముగా మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతియు, సెల్‌ఫోను చూచుట తగ్గించుటయు మేలు. పిమ్మట నడక, చదువు, పరుగు, సాధన అను క్రమమున, లక్షణములు హెచ్చకుండ మెట్టు మెట్టుగా సాగవలెను. వైద్యుడు సెలవిచ్చువరకు పోటీలో దింపరాదు.

6. మరికొన్ని ఆపదలు

వడదెబ్బ: ఎండలో ఆడువాడు తడబడుచు, అర్థములేని మాటలాడుచు, ఒడలు కాలిపోవుచు పడిపోయినయెడల అది ప్రాణాపాయము. ముందు చల్లబరచవలెను, పిమ్మటనే తరలింపవలెను. నీడకు చేర్చి, తొట్టిలోని చల్లని నీటిలో మెడవరకు ముంచుట గాని, కడవలకొలది నీరు పోయుచు విసరుట గాని చేయవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

మట్టిగాయము: సబ్బుతోను, పారు నీటితోను మన్నంతయు పోవునట్లు కడుగవలెను. పేడ, బూడిద, కాఫీపొడి పూయరాదు. ధనుర్వాతము రాకుండ టీకా వేయించుకొనవలెను. 10వ యేటను 16వ యేటను ఇయ్యవలసిన టీకాలను తలిదండ్రులు మరువరాదు.

ఊడిన పన్ను: శాశ్వతమైన పన్ను వేరుతో సహా ఊడినయెడల, వేరును తాకక పైభాగమును పట్టుకొని పాలలో వేసి, ఒక గంటలోపల దంతవైద్యుని చేరినచో దానిని మరల నాటుట సాధ్యము. పారవేసిన పిమ్మట విచారించి ప్రయోజనము లేదు.

7. మరల ఆడుట ఎప్పుడు?

వ్యాసాదిని మేము చెప్పిన మాట యిచట ఉపయోగపడును. నొప్పి పోవుట వేరు, మానుట వేరు. కొలది దినములకే నొప్పి తగ్గును, వాపు తీయును, పిల్లవాడు గంతులు వేయును. కాని చినిగిన బంధనము పూర్వపు బలము పొందుటకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. అంతేకాక పాదము ఏ తీరున నేలను తాకుచున్నదో మెదడునకు తెలుపు జ్ఞానము బెణుకుచే మొద్దుబారును. అట్టి కాలు మిట్టపల్లములపై మరల మడతపడును. ఒకమారు బెణికినవానికి రెండవమారు బెణుకు అవకాశము హెచ్చుటకు కారణ మిదియే.

దీనికి మందు కలదు, అది ఉచితము. నెదర్లాండ్సు దేశమున చీలమండ బెణికి మానిన 522 మంది క్రీడాకారులలో సగముమందికి సాధారణ చికిత్సతోపాటు ఎనిమిది వారములపాటు ఇంటివద్ద చేసికొను నిలకడ అభ్యాసములు నేర్పిరి. ఒక సంవత్సరములోపల, అభ్యాసము చేయనివారిలో నూటికి 33 మందికి మరల బెణికెను. నేర్చినవారిలో నూటికి 22 మందికి మాత్రమే బెణికెను. ఈ ఫలితములు 2009లో వెలువడినవి. అభ్యాసములు కష్టమైనవి కావు. గోడ దగ్గర ఒంటికాలిపై అరనిమిషము నిలువవలెను. అలవాటైన పిమ్మట కన్నులు మూసికొని నిలువవలెను. ఆపైన మడచిన దుప్పటిపై నిలిచి స్నేహితుడు విసరిన బంతిని పట్టవలెను. పండ్లు తోముకొనునపుడే చేయవచ్చును.

ఆటకు మరలుటకు అయిదు మెట్లు చెప్పుదుము. కుంటక నడచుట మొదటిది, తిన్నగా పరుగెత్తుట రెండవది, మలుపులు తిరుగుట, దుముకుట మూడవది, జట్టుతో సాధన నాలుగవది, పోటీ అయిదవది. ఒక మెట్టు ఎక్కిన మరునాడు నొప్పి గాని వాపు గాని తిరిగి వచ్చినయెడల ఒక మెట్టు దిగవలెను. గాయపడిన కాలితో కుంటుకొనుచు దుమికిన దూరము, మంచి కాలితో దుమికిన దూరమునకు ఇంచుమించు సమానము కానిదే అయిదవ మెట్టు ఎక్కరాదు.

ఓపిక పట్టుటవలన ఆట పోవునని భయపడువారికి మన తెలుగువారిలోనే నిదర్శనములు కలవు. ప్రకాశము జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచందు 1994లో పూనాలో జాతీయ క్రీడలయందు ఆడుచుండగా మోకాటి ముఖ్యబంధనము తెగెను. శస్త్రచికిత్సలు పొంది, దీర్ఘకాలము శ్రమించి, 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ పోటీని గెలిచెను. పి. వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామున కామన్వెల్తు క్రీడల స్వర్ణపతకము పొందినపిమ్మట, ఎడమకాలి ఎముకలో సన్నని పగులు తేలుటచే, అదే నెల టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీకి పోక మానుకొనెను. 2019లో తాను గెలిచిన పోటీయే యది. ఆమె 2023 జనవరిలో గాని మరల అంతర్జాతీయ పోటీలలో దిగలేదు. ప్రపంచ పోటీనే వదలుకొనగలిగినవారుండగా, అంతర పాఠశాలల పోటీ వదలుకొనుట మనకు కష్టమా?

8. ఎవరి విధి యేది

విద్యార్థులారా, నొప్పిని దాచుట శౌర్యము కాదు. కప్పు పోటీలో స్థానము పోవునని మీలో కొందరు కుంటుట కనబడకుండ నడతురు. అమ్మకు తెలిసిన ఆట మాన్పించునని బాలికలు చెప్పక యూరకుందురు. ఒక వారము దాచిన గాయము ఒక సంవత్సరము ఆటను హరింపవచ్చును. మీ స్నేహితుడు దాచుచున్నయెడల మీరు చెప్పుట చాడీ కాదు. అది వానికి మీరు చేయు సహాయము.

తలిదండ్రులారా, దెబ్బతో ఇంటికి వచ్చిన పిల్లవానిని ముందు తిట్టకుడు. తిట్టినచో రెండవమారు చెప్పడు. బాలిక గాయపడెనని ఆటనే మాన్పింపకుడు; మానువరకు మాన్పించి, పిమ్మట పంపుడు. కదలని దేహమునకు కలుగు వ్యాధులు ఆటగాయములకన్న మిక్కుటములు.

ఉపాధ్యాయులు ఆటస్థలమున సాగెడు గుడ్డకట్లు, శుభ్రమైన దూది, సబ్బు, త్రాగునీరు, చల్లని నీటితొట్టి, బద్దలు సిద్ధముగా నుంచవలెను. గాయముల పుస్తక మొకటి యుంచి తేదీ, పేరు, గాయము, మరల ఆడిన దినము వ్రాయుచుండినయెడల, ఏ మూల గుంట యున్నదో, ఏ మాసమున శ్రమ హెచ్చినదో సంవత్సరాంతమున ఆ పుటలే చెప్పును. అన్నిటికన్న ముఖ్యముగా, నొప్పి యని వచ్చిన పిల్లవానిని పదిమందిలో పరిహసింపరాదు. “కూర్చుండుము, ఈ జట్టులో నీ చోటు నీకే యుండును” అను మాట ఉపాధ్యాయుని నోటినుండి వెలువడినపుడు ఏ పిల్లవాడును గాయమును దాచడు. పెక్కు రెండవ గాయములను ఆపగల మందు ఆ మాటయే.